అనువాదం ఎవరిదో రాయండి: న్యాయ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, ఆచార్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, న్యాయశాస్త్ర ఆచార్యులకు,

నమస్కారాలు.

నాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండల్లోని సవర గిరిజనుల భాషలో నాలుగు మాటలు వింటూ పెరిగి, ఇప్పుడు ఐదేళ్ల న్యాయశాస్త్ర కోర్సులో చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండో సంవత్సరం, మూడో సంవత్సరం పరీక్షలు ముగిశాక వచ్చిన రెండు వేసవి సెలవుల్లోనూ తోటివాళ్లు ఢిల్లీలోని లా ఫర్ములకూ, హైకోర్టు న్యాయవాదుల చాంబర్లకూ వెళ్తే, నేను ఇద్దరు ఆచార్యుల దగ్గర పరిశోధన సహాయకురాలిగా పని చేశాను. వారిద్దరూ ఎవరో, ఏ విశ్వవిద్యాలయంలో పని చేస్తారో ఇక్కడ చెప్పడం లేదు. నా ఫిర్యాదు ఒక మనిషి మీద కాదు, విద్యార్థుల పరిశోధన పనిని జీతం లేకుండా, పేరు చెప్పకుండా వాడుకునే ఒక అలవాటు మీద. ఆ అలవాటు మీలో చాలామందికి ఉంది కాబట్టే ఈ లేఖ మీ అందరికీ రాస్తున్నాను.

నేనేం పని చేస్తున్నానో మా వీధిలో చెప్పడమే ఒక పెద్ద పని అయ్యేది. వకీలు దగ్గర జూనియరు అంటే అందరికీ అర్థమవుతుంది. ఆచార్యుడు రాస్తున్న వ్యాసంలోని ఫుట్‌నోట్లన్నీ సరిగా ఉన్నాయో లేవో చూస్తున్నానంటే, "దానికి నువ్వెందుకు, రాసినాయనకు తెలియదా?" అని అడిగేవారు. న్యాయశాస్త్రంలో ప్రతి వాక్యం కింద ఒక ఆధారం ఉండాలనీ, ఆ ఆధారం తెరిచి చూస్తే నిజంగా ఆ మాటే ఉండాలనీ, తెరిచి చూసే పని చాలాసార్లు ఒక విద్యార్థి చేతిలో ఉంటుందనీ వివరించేసరికి వాళ్ల టీ అయిపోయేది.

ఆ పని ఎలాంటిదో మీకు తెలిసినా ఒక ఉదాహరణ చెబుతాను. ఒడిశాలోని నియమగిరి కొండల్లో గనుల కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ ఏడాది వర్షాకాలంలో 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించాయి. నా చేతికి వచ్చిన చిత్తుప్రతిలో ఆ 12 సభలూ రాయగడ జిల్లాలోనే జరిగినట్టు ఉంది. నిజానికి ఏడు రాయగడలో, ఐదు కలహండిలో జరిగాయి. ఎవరికైనా ఇది చిన్న తేడాలా కనిపించవచ్చు కానీ, రాయగడ పక్క జిల్లాలో పుట్టినవాళ్లకు అలా కనిపించదు. అదే చిత్తుప్రతిలో ఇంకోచోట ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనను ఒడిశా భూమికి అన్వయించారు. కొండ ఒకటే, అటూ ఇటూ ఉన్న సవర కుటుంబాలు బంధువులే, చట్టాలు మాత్రం వేరు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీనీ, భూ బదలాయింపునూ కట్టడి చేస్తూ తెచ్చిన చట్టం అప్పట్లో గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలన్నింటికీ వర్తించేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక దారులు విడిపోయాయి. ఒడిశా 1956లో తన నిబంధన తెచ్చుకుంది, ఆంధ్రప్రదేశ్ 1959లో తనది తెచ్చుకుని 1970 సవరణతో గిరిజనేతరులకు బదలాయింపును పూర్తిగా మూసేసింది. ఒడిశాలో మాత్రం అధికారి అనుమతితో గిరిజనేతరులకు అమ్మే వీలు 2002 సవరణ దాకా మిగిలింది. ఈ ముప్పై ఏళ్ల తేడాను పట్టించుకోని వ్యాసం ఎంత బాగా రాసినా తప్పుడు వ్యాసమే అవుతుంది. దాన్ని నేను పట్టుకున్నాను. ఇందులో నా ప్రతిభ కంటే సరిహద్దుకు అటు ఆంధ్రలోని పాతపట్నంలో అత్తగారిల్లూ, ఇటు పర్లాకిమిడిలో పుట్టిల్లూ ఉన్న కుటుంబంలో పెరగడమే ఎక్కువ పని చేసిందనుకుంటాను.

ఇక నన్ను ఈ లేఖ రాయించిన విషయానికి వస్తాను.

మొదటి వేసవిలో నేను పని చేసిన ఆచార్యుడు మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో మన్యం అంచున భూములు ఎలా చేతులు మారాయో రాస్తున్నారు. ముద్రిత నివేదికలు ఆయన చదివారు. ఊళ్లలో మిగిలిన దస్తావేజులు కావాలని ఒకసారి మాటల్లో అంటే, మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె ఉందని నేనే చెప్పాను. అందులో మా ముత్తాత కాలపు క్రయ దస్తావేజులు, తనఖా పత్రాలు ఉన్నాయి. తెలిసినవారి ఇళ్లలో అలాంటివే మరికొన్ని దొరికాయి, రెండు కట్టల కోసం గుణుపురం దాకా వెళ్లాను. అవన్నీ తెలుగులోనే ఉన్నా నేను చదవగలిగే తెలుగులో లేవు. కలం ఎత్తకుండా ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంతో కలుపుతూ పోయే గొలుసుకట్టు రాత అది. నాకు అచ్చు తెలుగు చదవడమే తాతయ్య నేర్పారు, ఎందుకంటే మా బడిలో తెలుగు లేదు. గొలుసుకట్టు చదవగలిగినవారు మా బంధువుల్లో ఇప్పుడు ఆయనొక్కరే.

మే నెలంతా మధ్యాహ్నం కరెంటు పోయే వేళకు మేమిద్దరం అరుగు మీద కూర్చునేవాళ్లం. ఆయన భూతద్దం పట్టుకుని, కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా తిప్పి, ఒక్కో వరుసను ముందు లోలోపల గొణుక్కుని తర్వాత పైకి చదివేవారు. నేను రాసుకుని, రాత్రి ఇంగ్లీషులోకి మార్చేదాన్ని. ఒక క్రయ దస్తావేజులో సరిహద్దులు చెప్పాక, తూర్పున గెడ్డ, దక్షిణాన ఫలానావారి మడి అని అయ్యాక, "పది కుంచాల" అనే మాట వచ్చింది. కుంచం అంటే ధాన్యం కొలిచే పాత కొలత. దాని పక్క మాట మడత దగ్గర చిరిగిపోయింది. పది కుంచాల ధాన్యానికి భూమి అమ్మేశారని నేను అనువదించి పంపాను. ఆచార్యులు ఎంతో సంతోషించారు. కొండవాళ్ల భూమి గుప్పెడు గింజలకు పోయిందన్న ఆయన వాదానికి అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

మూడు రోజుల తర్వాత తాతయ్యకు ఆ భాగం చదివి వినిపిస్తే ఆయన నవ్వారు. "అది ధర కాదమ్మా, భూమి కొలత. పది కుంచాల విత్తనం చల్లితే సరిపోయే మడి" అన్నారు. సర్వే రాళ్లు పాతకముందు మా వైపు మళ్లను విత్తనంతో కొలిచేవారట. ధర కాగితం వెనక వైపున రూపాయలు, అణాల లెక్కలో, సిరా వెలిసిపోయి కనిపించింది. అది న్యాయమైన ధరా కాదా అన్నది వేరే ప్రశ్న, కానీ గుప్పెడు గింజలు మాత్రం కాదు. తప్పు ఒప్పుకుంటూ ఆ రాత్రే మెయిలు పంపాను. ఆచార్యులు కోప్పడలేదు. ఆ పేరా మొత్తం తీసేసి, కొలతల గురించి కొత్తగా రెండు పేరాలు రాశారు. నా దృష్టిలో వ్యాసంలో బాగున్న చోటు అదే. అంత నిజాయితీ గల పండితుడు కాబట్టే తర్వాత జరిగినదానికి ఎక్కువ బాధ కలిగింది.

వ్యాసం అచ్చయింది. ఆ దస్తావేజు ప్రస్తావన వచ్చిన చోట ఫుట్‌నోటులో "తెలుగు నుంచి అనువాదం రచయితది" అని ఉంది. ఆ రచయితకు తెలుగు అక్షరాలు రావు.

ఇది దురుద్దేశంతో జరిగిందని నేను అనుకోవడం లేదు. ఇంగ్లీషు వ్యాసాల్లో పరాయి భాష మాట వచ్చినప్పుడు ఆ వాక్యం పెట్టడం ఒక వాడుక, చేయి దానంతటదే రాసేస్తుంది. ఒక తీర్పును తప్పుగా ఉటంకిస్తే సిగ్గుపడే మనిషికి ఇది తప్పుగా తోచకపోవడానికి కారణం వేరే ఉంది. తీర్పు వెతకడం పరిశోధన, ఊళ్లో ముసలాయన పక్కన కూర్చుని కాగితం చదివించుకోవడం ఇంటి పని అనే లెక్క ఎక్కడో ఉంది. సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే విద్యార్థులకు మూడు భాషలు రావడం మా పుట్టుకతో వచ్చిన సౌకర్యంగా కనిపిస్తుందేగానీ నైపుణ్యంగా కనిపించదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకోవడానికి ఏళ్లకు ఏళ్లు పెట్టారు, ఆ శ్రమ 1931లో వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా వచ్చింది. మా ఊళ్లో భాష తెలియడాన్ని విద్యగా లెక్కపెట్టిన సంప్రదాయం ఉంది. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మావాళ్లు ట్రంకుపెట్టెతో సహా ఉండిపోయారు.

ఆచార్యుల్ని నేరుగా అడగవచ్చు కదా అని స్నేహితులు అన్నారు. అడగలేదు. ఎందుకు అడగలేదో మీకు తెలియాలి, ఎందుకంటే మీ గదిలో మీ ఎదురుగా కూర్చున్న విద్యార్థి ఈ మాట ఎప్పటికీ చెప్పదు. ఆ వేసవి పనికి జీతం లేదు. జీతం బదులు దొరికేది సిఫార్సు లేఖ. విదేశంలో ఎల్ఎల్ఎం అనే పై చదువు దరఖాస్తుకైనా, పరిశోధన సంస్థలో ఉద్యోగానికైనా ఆ లేఖే ఆధారం, అది ఎప్పుడు అవసరమవుతుందో ముందే తెలియదు, కాబట్టి ఆ రుణం ఎప్పటికీ తీరదు. నెలజీతం అందుకునే మనిషికి నెలాఖరున లెక్క తేలిపోతుంది, మర్నాడు ఏదైనా అడగగలదు. సిఫార్సు లేఖ కోసం పని చేసినవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా ఫుట్‌నోటు గురించి నోరెత్తలేరు. నేను ఇప్పుడు రాయగలుగుతున్నది కూడా నాకు ఆ లేఖ అవసరం లేని దారి దొరికింది కాబట్టే. పర్లాకిమిడి కోర్టులోనే ప్రాక్టీసు పెట్టబోతున్నాను.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఇంట్లోనే ఉన్నాను కాబట్టి అద్దె లేదు. జిరాక్సులకూ, బస్సులకూ, మొబైలు డేటాకూ అయిన ఖర్చు పెద్దదేమీ కాదు, కానీ అది మా నాన్న జేబులోంచి పోయింది. అదే పని భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి చేయాల్సి వస్తే నేను చేయగలిగేదాన్ని కాదు. జీతం లేని వేసవిని భరించగలిగే ఇళ్ల పిల్లలే పరిశోధన వైపు వెళ్తారు, తర్వాత వాళ్లే ఆచార్యులవుతారు, వాళ్లకు మళ్లీ జీతం లేని సహాయకులు సహజంగా కనిపిస్తారు. జూనియర్ న్యాయవాదులకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫార్సు చేసింది. అది సిఫార్సే, ఎంతమంది పాటిస్తారన్నది మన జిల్లా కోర్టుల్లో అందరికీ తెలిసిందే. అయినా అక్కడ మాట బయటకు వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో ఆ మాటే ఇంకా మొదలు కాలేదు.

ఇంకో ఇబ్బంది నిబంధనలకు సంబంధించింది. బార్ కౌన్సిల్ 2008 న్యాయవిద్య నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సు విద్యార్థి మొత్తం మీద కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి, ఏ ఏడాదీ ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. ఎక్కడెక్కడ చేయవచ్చో ఆ నిబంధనే చెబుతుంది: న్యాయవాదులు, న్యాయస్థానాలు, చట్టసభలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీలు, స్థానిక సంస్థలు. ఆచార్యుల పరిశోధన పేరు ఆ జాబితాలో లేదు. ఫలితంగా ఎనిమిది వారాలు దస్తావేజులతో కుస్తీ పట్టిన నాకు ఇంటర్న్‌షిప్ పట్టికలో సున్నా పడింది. ఆ లోటు పూడ్చడానికి శీతాకాలం సెలవుల్లో ఒక న్యాయవాది చాంబరులో నాలుగు వారాలు వాయిదాల తేదీలు డైరీలో ఎక్కించాను. అందులో నేర్చుకోవడానికి ఏమీ లేదనను. కానీ నిబంధన చివర "విశ్వవిద్యాలయం నిర్దేశించే ఇతర సంస్థలు" అనే అర్థం వచ్చే మాట కూడా ఉంది. అంటే దీనికోసం బార్ కౌన్సిల్ గడప తొక్కనక్కరలేదు, మీ అకడమిక్ కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తే చాలు.

అమెరికా లా స్కూళ్ల సంగతి మీలో అక్కడ చదివి వచ్చినవారికి నాకంటే బాగా తెలుసు. అక్కడ కోర్సు మూడేళ్లు, మధ్యలో రెండు వేసవులు, మొదటి వేసవిలో ఆచార్యుడి దగ్గర పని చేయడం చాలామంది ఎంచుకునే దారి. గంటల లెక్కన వేతనం ఇవ్వడం అక్కడ మామూలే. 1964లో ఒక చట్టంతో మొదలైన వర్క్-స్టడీ పథకం కింద ఆ వేతనంలో కొంత ఫెడరల్ ప్రభుత్వ నిధుల నుంచి రావచ్చు. వ్యాసం మొదటి పేజీలో నక్షత్రపు గుర్తు ఉన్న ఫుట్‌నోటులో సహాయకుల పేర్లు కనిపిస్తాయి. మీరు అక్కడి న్యాయ పత్రికల నుంచి ఫుట్‌నోట్ల శైలిని తెచ్చుకున్నారు, 1926 నుంచి వస్తున్న వాళ్ల ఉటంకింపు నియమాల్లో ఎక్కడ కామా పెట్టాలో మాకు నేర్పించారు. ఆ నక్షత్రపు గుర్తును మాత్రం దారిలో ఎక్కడో వదిలేసి వచ్చారు.

రెండో వేసవి అనుభవం వేరు కాబట్టి ఇది మన దేశంలో సాధ్యం కాదని ఎవరైనా అంటే నేను నమ్మను. పని మొదలుపెట్టకముందే ఆ మేడమ్ ఒక పేజీ ఉత్తరం పంపారు. వారానికి ఎన్ని గంటలు, ఏయే పనులు, ప్రాజెక్టు బడ్జెట్‌లో సహాయకుల పద్దు నుంచి నెలకు ఎంత, నా పేరు ఎక్కడ వస్తుంది, నేను సేకరించిన కాగితాలు తర్వాత ఎవరి దగ్గర ఉంటాయి అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం పెద్దది కాదు. కానీ ఆ ఉత్తరం వల్ల పనే మారిపోయింది. మొదటి వేసవిలో ప్రతి మెయిలూ పరీక్ష రాసినట్టు రాసేదాన్ని. రెండో వేసవిలో "ఈ తీర్పు నాకు అర్థం కాలేదు" అని రాయగలిగాను. భూమి హక్కుల రికార్డు అయిన ఒక ఒడియా ఖతియాన్‌లో నేను చేసిన తప్పును మేడమ్ పట్టుకుని, దాన్ని ఎలా చదవాలో ఫోనులో గంటసేపు చెప్పారు. ఆవిడ అచ్చువేసిన పత్రంలో మొదటి ఫుట్‌నోటులోనే నా పేరు ఉంది, దాని పక్కన ఒడియా, తెలుగు అనువాదాలు నావని ఉంది.

నేను సహరచయిత హోదా అడగడం లేదు. ఫుట్‌నోట్లు సరిచూసినంత మాత్రాన ఎవరూ రచయిత కారు, వ్యాసానికి పూచీ పడేది ఆచార్యులే, విమర్శ వచ్చినా వారికే వస్తుంది. కానీ అనువాదం సంగతి వేరని చట్టమే చెబుతోంది. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో అనువాదం తనంతట తానొక రచన. ఉద్యోగ ఒప్పందం కింద చేసిన పనికి హక్కు యజమానిదవుతుందని 17వ సెక్షను అంటుంది కానీ, జీతమూ ఒప్పందమూ లేని విద్యార్థి మీకు ఏ రకంగా ఉద్యోగి అవుతుంది? హక్కు ఎవరి చేతిలో ఉన్నా ఆ రచన తనదని చెప్పుకునే అధికారం రచయితకు 57వ సెక్షను కింద ఉంటుంది. ఈ సెక్షన్లు మాకు చెప్పింది మీరే, పరీక్షలో ప్రశ్నలుగా కూడా ఇచ్చారు. ఇక యూజీసీ 2018 నిబంధనల కింద మా ప్రాజెక్టు పత్రాల్ని సాఫ్ట్‌వేరులో వేసి ఎంత శాతం కాపీ అని చూస్తున్నారు. సహాయకురాలి అనువాదం రచయిత పేరున అచ్చయితే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు.

ఇదంతా శిక్షణలో భాగమనీ, శిక్షణకు జీతం అడగడం సబబు కాదనీ ఒక అధ్యాపకుడు నాతో అన్నారు. శిక్షణ అయితే దానికి పట్టికలో వారాలు రావాలి, పని అయితే దానికి డబ్బు రావాలి. రెండూ కాని చోట మమ్మల్ని నిలబెట్టవద్దని మాత్రమే అడుగుతున్నాను. మీ విశ్వవిద్యాలయాల్లో పరిశోధన సహాయకుల వేసవి పనిని ఇంటర్న్‌షిప్ వారాల్లో లెక్కించే తీర్మానం చేయండి. ప్రాజెక్టు నిధులున్న చోట సహాయకుల పద్దును సహాయకులకే ఖర్చు చేయండి, నిధులు లేని చోట గంటలు తగ్గించండి. పని మొదలవకముందే ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. విద్యార్థి అనువదించిన కాగితం మీ వ్యాసంలోకి వస్తే, ఆ విద్యార్థి పేరూ, ఆమెకు చదివి వినిపించినవారు ఒప్పుకుంటే వారి పేరూ రాయండి. అచ్చయిపోయిన వ్యాసాలకు సవరణ ప్రకటించే పద్ధతి మీ పత్రికల్లో ఇప్పటికే ఉంది.

మా తాతయ్యకు ఆ వ్యాసం ప్రింటు తీసి ఇచ్చాను. ఇంగ్లీషు రాదు కాబట్టి తన దస్తావేజు ఎక్కడుందో చూపించమన్నారు. ఫుట్‌నోటు మీద వేలు పెట్టి చూపించాను. అందులో ఏం రాసి ఉందని అడిగితే, మన పర్లాకిమిడి కాగితమని ఉందని చెప్పాను.

గుణుపురం నుంచి వచ్చిన నా జూనియర్ ఒకమ్మాయిని వచ్చే వేసవికి ఒక ఆచార్యుడు పిలిచారు. వాళ్లింట్లోనూ పాత కాగితాల కట్ట ఉంది, చదవగలిగిన నాయనమ్మ ఉంది. ఏం చేయమంటారని నన్ను అడిగింది. ఉత్తరం వచ్చేదాకా కట్ట విప్పవద్దని చెప్పాను. పరీక్షలు ఏప్రిల్ చివర్లో ముగుస్తాయి.

ఇట్లు,
ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా